తోటవాకిలి గడియ

మల్లెలవీడు రాజోద్యానంలోకి వసంతుడు ఒకసారి వచ్చాడంటే తిరిగి వెళ్ళే దారి మరిచిపోతాడని అక్కడి వందిమాగధులు పాడుతుంటారు. వందిమాగధులకు జీతం ఇచ్చేదే పొగడ్తకు కాబట్టి అందులో సగం కొట్టేద్దాం. మిగిలిన సగానికే చూసినవాడి కళ్ళు చెదురుతాయి. తూర్పున మాధవీలతలు అల్లుకున్న చలువపందిళ్ళు, పడమట నేల కనబడకుండా పూలు రాల్చే పొన్నలూ పొగడలూ, నడుమ ఎర్రతామరల కొలను, ఆ కొలనులో తమ అందం తామే చూసుకుని మెడలు వంచే హంసలు, వాటి పక్కనే ఏ అందాన్నీ పట్టించుకోకుండా ఏపుగా పెరిగిన కొత్తిమీర మడి. చుట్టూ ఏనుగు అంబారీ మీద నిలబడ్డా అవతల ఏముందో కనిపించనంత ఎత్తున రాతిగోడ. గోడ మొత్తానికి వాకిలి ఒకటే. దానికి లతలూ చిలకలూ చెక్కిన మద్దిచెక్క తలుపు. ఆ తలుపును మూసిన పాపాన పోయినవాడు ఆ రాజ్యంలో ఒక్కడూ లేడు.

ఆ ఉదయం బార్లా తెరిచి ఉన్న ఆ వాకిలి వైపు ఒక తెల్ల కుందేలు చెంగుచెంగున పోతోంది.

"ఒరే ఓబులూ! పోతాండాది రా, పోతాండాది! పట్టుకో!" అని కొలను గట్టు మీంచి సుంకులవ్వ కేక పెట్టింది.

తోటమాలి ఓబులు చేతిలోని పలుగు విసిరేశాడు. బంతిమొక్కల మీంచి దూకి, బురదలో బోర్లా పడి, జారుతూ జారుతూ పోయి, గడప ఇంకా జానెడు దూరంలో ఉందనగా కుందేలును రెండు చేతులా దొరకబుచ్చుకున్నాడు. అది గిలగిల తన్నుకుంది. ఓబులు దాన్ని గుండెకు హత్తుకుని, "కాస్త నిదానించమ్మా, నీకు పుణ్యం ఉంటుంది" అని బతిమాలాడు. కుందేలుతో అంత మర్యాదగా మాట్లాడే తోటమాలి మరో రాజ్యంలో దొరకడు.

ఆ మర్యాదకు కారణం ఉంది. ఆ కుందేలు అతని చెల్లెలు, హేమగిరి రాజకుమార్తె వకుళ. ఓబులు అన్న పేరూ, గోచీ, తలపాగా, ఒంటి మీది మట్టీ అన్నీ వేషమే. అసలు మనిషి హేమగిరి యువరాజు అరిందముడు. ధూమ్రజటుడనే మాంత్రికుడు తనను పెళ్ళాడమని వకుళను అడిగాడు. ఆమె అతని జడల వంక చూసి, ముందు వెళ్ళి తలంటుకుని రమ్మంది. ఆ మాటకు వాడికి ఒళ్ళు మండిపోయింది. ఆమెను కుందేలును చేసి, దేశం కాని దేశంలో, ఈ తోటలో తెచ్చి వదిలాడు. "పెళ్ళికి ఒప్పుకుని తల ఊపిన రోజున మళ్ళీ మనిషివవుతావు. ఊపకుండా ఈ తోట గడప దాటావో, మనిషివన్న జ్ఞాపకం కూడా మిగలదు. బతికినన్నాళ్ళూ కుందేలువే!" అని శాపం పెట్టి పోయాడు. ఊళ్ళూ అడవులూ గాలించి గాలించి చివరికి చెల్లెలి జాడ కనుక్కున్న అరిందముడు, మాంత్రికుడి కంటపడకుండా ఇక్కడే తోటపనికి కుదిరాడు.

సాయంత్రాలు ఆ కుందేలు బుద్ధిగా వచ్చి అతని పాదం మీద కూర్చునేది. "వకుళా" అంటే చెవులు నిక్కించేది. కానీ ఒక్క ఎండుటాకు రాలి చప్పుడైతే చాలు, వకుళ ఎటో పోయి ఉత్త కుందేలు మిగిలేది. కాళ్ళు ఎటు తిరిగితే అటే పరుగు. బుట్టకింద పెట్టి చూశాడు, మేత ముట్టలేదు. తాడు కట్టి చూశాడు, నీరసించి పక్కకు ఒరిగిపోయింది. ఇక అరిందముడికి చేతనైంది ఒక్కటే, పగలంతా ఆ వాకిలి మీద ఒక కన్ను వేసి ఉంచడం.

"ఈ తలుపు మూస్తే మీ ఊరివాళ్ళ సొమ్మేం పోతుందవ్వా?" అన్నాడు మట్టి దులుపుకుంటూ.

సుంకులవ్వ ఆ తోటకు పెద్ద దిక్కు. గుప్పెట్లో ఇమిడే చిన్న రాతి రోట్లో ఆకూవక్కా దంచుకుంటూ, మోకాళ్ళను తిట్టుకుంటూ తోటనంతా నడిపిస్తుంది. పలుగు పట్టిన తీరు చూసి మొదటిరోజే ఇతను కూలివాడు కాదని కనిపెట్టింది. కుందేలు కథ అంతా రాబట్టింది. రాబట్టి, కడుపులో పెట్టుకుని, ఎప్పటిలాగే ఓబులూ అని పిలుస్తోంది.

"ఎవురు మూస్తారప్పా?" అంది అవ్వ. "బయటికి పోయేటోడు తన ఎనక తలుపు తానే మూస్తే, ఇంగ ఈ గడప తొక్కను అని ఒట్టు పెట్టుకున్నట్లే గదా. పీనుగ లేసిన ఇంట్లోనే అట్ల మూసేది. పూలు కోసుకుని సల్లగా పోయే ఆడోళ్ళు ఆ పని ఏల జేస్తారు? లోపల ఉండేటోళ్ళు మూసుకోవల్ల."

"లోపల ఎవరుంటారు?"

"నేనుంటా. నా మోకాళ్ళు నీకు తెలీనివా? నువ్వు మూసినా, పూలకొచ్చే ప్రతి ఒక్కరూ మల్లా తెరిసి పెట్టి పోతారు."

"పోనీ, కావలివాణ్ణి పెట్టకూడదా?"

"పెట్టినాం గదా. అదో, ఆడుండాడు." అవ్వ వాకిలి పక్కన కంచె మీది గుమ్మడికాయను చూపించింది. "బసవడు. పోయిన మంగళవారం ఆ జడల మాంత్రికునికి ఎదురు పోయినాడు. ఎంత బాగా కాసినాడో సూడు."

అరిందముడు గుమ్మడికాయకు నమస్కారం పెట్టాడు.

మాంత్రికుడు ప్రతి మంగళవారం మిట్టమధ్యాహ్నం పెళ్ళిమాట అడగడానికి వచ్చేవాడు. వాడికి చండికాదేవి వరం ఒకటి ఉంది. ఆ సంగతి వాడే వచ్చినప్పుడల్లా గొంతు చించుకుని చాటేవాడు. "వాకిలి దాటి నేను కాలు పెట్టిన ఆవరణలో, గడియ పడేదాకా నన్ను గెలిచేవాడు లేడు!" అనేవాడు. అందుకని ఒక గడియకుడక వెంట తెచ్చుకునేవాడు. అడుగున సన్నని బెజ్జం ఉన్న రాగిగిన్నె అది. నీళ్ళమీద వదిలితే మెల్లగా నిండి, మునిగి అడుగుకు చేరేసరికి సరిగ్గా ఒక గడియ. కుడక మునిగితే రాజుల కోటల్లో గంట కొట్టి 'గడియ పడింది' అని కేక వేస్తారు. ధూమ్రజటుడు దాన్ని కొలనులో వదిలి, బెదిరించాల్సినవాళ్ళను బెదిరించి, మార్చాల్సినవాళ్ళను మార్చి, అది మునగకముందే గిన్నె చంకన పెట్టుకుని వాకిలి దాటి మాయమయ్యేవాడు. కుడక మునిగేదాకా వీణ్ణి ఎలాగైనా లోపల ఆపగలిగితే చాలునని అరిందముడు పళ్ళు నూరుకునేవాడు. ఎప్పుడూ తెరిచే ఉండే వాకిలిలోంచి పోయేవాణ్ణి ఎలా ఆపడం?

ఆ మధ్యాహ్నం బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే చేద అతని చేయి జారింది. గిలక గిరగిరా తిరిగింది, చేద దభీమని బావిలో పడింది, తాడు రెండో కొసకు చుట్టుకుని ఉన్న పూలబుట్ట లేచివచ్చి అరిందముడి మూతికి తగిలింది. మామూలుగా అయితే అతను కోపగించుకునేవాడు. ఆ రోజు మూతి రాసుకుంటూనే చిందులు వేశాడు.

"అవ్వా! బరువు కిందికి పోతే బుట్ట పైకొచ్చిందే! ఆ బుట్ట స్థానంలో తలుపుంటే?"

"మూతి పళ్ళు రాలతాయి," అంది అవ్వ.

"మనిషి చెయ్యి పడకుండా తలుపు దానంతటదే మూసుకుంటుంది. మనిషి మూయనప్పుడు మీ ఆచారం ఎక్కడ తప్పుతుంది?"

సుంకులవ్వ దంచడం ఆపింది. పాత గిలక కొట్టంలో అటక మీద ఉందని చెప్పింది.

యువరాజులకు కత్తియుద్ధం నేర్పుతారు, గుర్రపుస్వారీ నేర్పుతారు. తలుపుకు గిలక బిగించడం ఎవరూ నేర్పరు. అరిందముడు మొదట గిలకను తలుపు తిరిగే కీళ్ళ పక్కనే కొట్టాడు. తాడుకు బండరాయి వేలాడదీశాడు. రాయి వేలాడింది, తలుపు ఉలకలేదు, పలకలేదు. అవ్వ నవ్వుకు హంసలు బెదిరి కొలనులోకి దిగిపోయాయి. అతను కీళ్ళ దగ్గర చేయిపెట్టి తోసి చూశాడు, ఏనుగును తోసినంత పని అయింది. అంచున వేలితో తోస్తే సులువుగా తిరిగింది. దాంతో తాడును అంచుకు మార్చాడు. ఈసారి తలుపు కదిలింది గానీ, తాడు మనిషి ఛాతీ ఎత్తున వాకిలికి అడ్డంగా సాగింది. పూలబుట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకామె దానికి తట్టుకుని, మల్లెలన్నీ దారంతా పోసి, అరిందముడి పూర్వీకులందరినీ పేరుపేరునా తలుచుకుంది. హేమగిరి రాజవంశానికి అలాంటి పూజ అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

మర్నాడు గిలకను ద్వారబంధం పైకి, నిచ్చెన వేసుకుని గడియ ఉన్న వైపు మూలకు ఎక్కించాడు. తాడు ఒక కొస తలుపు పైఅంచుకు కట్టి, గిలక మీదుగా లోపలికి దించి, రెండో కొసకు బరువు తగిలించాడు. ఇప్పుడు తాడు అందరి తలలకూ పైనుంచి పోతుంది. తలుపును బయటికి తెరిస్తే బరువు పైకి లేస్తుంది. వదిలితే బరువు దిగుతుంది, తలుపు వెనక్కి వస్తుంది. ఇక తేలాల్సింది ఎంత బరువన్నదే.

కొబ్బరికాయ కట్టి చూశాడు. తలుపు సగందాకా వచ్చి, ఇంక నావల్ల కాదన్నట్టు ఆగిపోయింది. రుబ్బురోటి పొత్రం కట్టాడు. కట్టాక, కుందేలు దాటే సమయానికి తలుపు పడితే ఎలా ఉంటుందో చూద్దామని సందులో ఒక లేత సొరకాయ పెట్టి తలుపు వదిలాడు. తలుపు ధడాలున వచ్చి పడింది. సొరకాయ రెండు ముక్కలై, ఒక ముక్క వచ్చి అతని కాళ్ళ ముందు పడింది. కొత్తిమీర మడిలో నిశ్చింతగా మూతి ఆడిస్తున్న చెల్లెల్ని చూసి, అప్పటికప్పుడే పొత్రం విప్పేశాడు.

అప్పుడు అతనికి కుండ తట్టింది. చిన్న మట్టికుండకు ఉట్టి కట్టి వేలాడదీసి, అందులో కొలను ఒడ్డు ఇసుక దోసిలి దోసిలిగా పోస్తూ వచ్చాడు. ప్రతి దోసిలికీ తలుపు వదలడం, సందులో సొరకాయ పెట్టడం, తీసి చూడడం. తోటలో సొరపాదు బోసిపోయింది. అవ్వ రోజూ సొరకాయ పులుసే వండింది. చివరికి ఒక పొద్దున తలుపు తొందర లేకుండా, ఆగకుండా వచ్చి, సొరకాయను మెత్తగా తాకి నిలబడింది. కాయ మీద గోరు గుచ్చినంత గాటు కూడా పడలేదు. అరిందముడు ఆ సొరకాయను ఎత్తి ముద్దు పెట్టుకున్నాడు.

గడియ సంగతి వేరే మిగిలింది. ఎన్నడూ వేయని ఆ ఇనుపగడియ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఊడదీసి, చింతపండుతో తోమి, ఆకురాయితో నాలుకను ఏటవాలుగా అరగదీసి, ఆముదం పట్టించాడు. తలుపు వచ్చి తాకగానే నాలుక ఏటవాలు మీద లేచి, కొక్కెం దాటి, తన బరువుకు తానే టక్కున పడేటట్టు అమర్చాడు. చేతుల నిండా బుట్టలున్నవాళ్ళు మోచేత్తో ఎత్తడానికి లోపలా బయటా ఒక కొయ్యగుబ్బ పెట్టాడు. మొదటిసారి తలుపు దానంతటదే వచ్చి, గడియ దానంతటదే 'టక్' మని పడినప్పుడు ఆ చప్పుడు అరిందముడి చెవులకు పట్టాభిషేకపు భేరీలా వినిపించింది. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ విన్నాడు. చాలాసేపు అదే పనిగా పెట్టుకున్నాడు.

సాయంత్రానికి పూలవాళ్ళందరూ అక్కడే చేరారు. మోచేత్తో గుబ్బ ఎత్తడం, అవతలికి పోయి నిలబడడం, వెనక్కి తిరిగి చూడడం, మురిసిపోవడం.

"ఎవురూ ముయ్యకుండానే మూసుకుంటాండాదే! ఇది తప్పు గాదా అవ్వా?" అని ఒక పెద్దాయన అనుమానపడ్డాడు.

"మనిషి మూస్తే గదప్పా తప్పు! కుండకు యాడికి పోయేది, యాడికి వచ్చేది?" అని అవ్వ తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు తిరుగు లేకపోయింది.

కుందేలు ఒకసారి వాకిలిదాకా వచ్చింది. మూసి ఉన్న తలుపు కింద వాసన చూసింది. ఇంత శ్రమ ఎందుకన్నట్టు వెనక్కి తిరిగి కొత్తిమీరలోకి పోయింది. ఇల్లు విడిచాక అరిందముడు కంచం నిండా తిన్నది ఆ పూటే, తిన్నది సొరకాయ పులుసే అయినా. అతనికి చాలా సంతోషంగా ఉంది. ఇంక తన చెల్లెలు గడప దాటదు. పైగా మంగళవారం మాంత్రికుడు లోపలికి రాగానే గడియ పడుతుంది, గడియకు మేకు బిగించేస్తే కుడక మునిగేదాకా వాడు బయటపడలేడు. ఆ మేకు చెక్కి, నడుముకు దోపుకుని ఎదురు చూశాడు.

మంగళవారం ఎండ ఎక్కాక పిచ్చుకలు కొన్ని వచ్చి ఇసుకకుండ అంచున వాలాయి. కుండలోకి దిగి, రెక్కలు విదిలిస్తూ, ఇసుక చిమ్ముకుంటూ ఆనందంగా స్నానాలు చేశాయి. కుండ మూతికి గుడ్డ కట్టాలన్న ఆలోచన అరిందముడికి రాలేదు. పిచ్చుకల ముచ్చట చూస్తూ నవ్వుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. పడమటి గాలి హఠాత్తుగా ఆగిపోయింది, తామరలు రేకులు ముడుచుకున్నాయి, హంసలు గట్టు కింద దూరాయి. దక్షిణాన మబ్బుతునకలా కనిపించిన నల్లటి చుక్క చూస్తుండగానే పెద్దదై, కాళ్ళకు పావుకోళ్ళతో, చేతిలో పుర్రె బిగించిన దండంతో, మోకాళ్ళు దాటిన జడలతో ధూమ్రజటుడై వాకిలి ముందు దిగింది.

"ఓహో! మల్లెలవీడులో తలుపు మూయడం కూడా నేర్చారా!" అంటూ వాడు దండంతో గుబ్బను పొడిచి, తలుపు లాగి, లోపలికి అడుగు పెట్టాడు.

పందిరి చాటున ఉన్న అరిందముడు నడుముకు దోపిన మేకు చేతిలోకి తీసుకున్నాడు. తలుపు మెల్లగా వెనక్కి వచ్చింది. వచ్చి, ద్వారబంధానికి వేలెడు ఎడంగా ఆగింది. గడియ నాలుక కొక్కెం మీద ఎక్కి కూర్చుంది, దిగలేదు. కుండ కింద నేలమీద ఇసుక చిన్న కుప్పగా పడి ఉంది. పిచ్చుకలు చేసిన స్నానం అరిందముడికి అప్పుడు అర్థమైంది.

మాంత్రికుడు ఇవేవీ చూడలేదు. కుడకను కొలనులో వదిలి, కొత్తిమీర మడి ముందు నిలబడి, "వకుళా! ఇవాళైనా తల ఊపుతావా?" అన్నాడు. కుందేలు వాడికి వీపు తిప్పి తినడం సాగించింది. వాడి జడలు కోపంతో లేచి నిలబడ్డాయి. దండం ఎత్తి నేలను కొట్టాడు. నేల అదిరింది, పొగడచెట్టు మీది పూలన్నీ ఒక్కసారిగా రాలాయి. ఆ చప్పుడుకు వకుళ మాయమై కుందేలు మిగిలింది. అది గాలిలో గిరుక్కున తిరిగి, నేరుగా వాకిలి వైపు దూసుకుపోయింది.

అరిందముడు వేషమూ మరిచాడు, వరమూ మరిచాడు. "వకుళా, ఆగు!" అంటూ అడ్డంగా దూకాడు.

"ఎవడ్రా నువ్వు!" మాంత్రికుడు దండం తిప్పి అతని వైపు మంత్రం విసిరాడు.

అరిందముడి పాదాలు నేలలో దిగబడ్డాయి. వేళ్ళు వేర్లయి మట్టిలోకి పాకాయి. మోకాళ్ళ మీద వెడల్పాటి ఆకులు లేచాయి, చేతులకు సన్నని ముళ్ళు మొలిచాయి, చెవి వెనక ఒక ఊదారంగు పువ్వు విచ్చుకుంది. హేమగిరి సింహాసనానికి వారసుడు వంకాయ మొక్క అవుతున్నాడు. అరవబోతే నోటి నిండా ఆకు. కళ్ళు మాత్రం ఇంకా మనిషివే. ఆ కళ్ళ ముందే కుందేలు వాకిలి చేరింది. వేలెడు సందులో మూతి దూర్చింది. తలుపు కదిలింది. ఒక చెవి బయటికి పోయింది.

సుంకులవ్వ మోకాళ్ళను తిట్టుకుంటూనే కుండ దగ్గరికి చేరింది. లోపలికి తొంగి చూసి, "నీ పిచ్చుకలు మండిపోనూ!" అని, చేతిలోని ఆకువక్క రోలూ బండా రెండూ కుండలో పడేసింది.

కుండ జానెడు కిందికి దిగింది. తలుపు కుందేలు మూతిని మెత్తగా లోపలికి నెట్టుకుంటూ వచ్చి మూసుకుంది. గడియ 'టక్' మని పడింది.

మాంత్రికుడి జడలు భుజాల మీద వాలిపోయాయి. దండం మీది పుర్రె కళ్ళలో మంట ఆరిపోయింది. వాడు మంత్రం మళ్ళీ చదివాడు, గొంతు పెంచి చదివాడు, వెనకనుంచి చదివాడు. ఏమీ జరగలేదు. అరిందముడి ఒంటి మీది ఆకులు ఒక్కొక్కటే రాలాయి, వేర్లు మళ్ళీ కాలివేళ్ళయ్యాయి. ధూమ్రజటుడు కొలను గట్టుకు పరుగెత్తాడు. కుడక ఇంకా నీళ్ళమీద తేలుతూ ఉంది, అడుగు మాత్రం తడిసింది.

"ఇదేమిటి! ఇంకా గడియ పడలేదే!"

"పడింది గదప్పా," అంది సుంకులవ్వ వాకిలి వైపు చూపించి. "నీకు ఇనపడలా?"

మాంత్రికుడు మూసి ఉన్న వాకిలి వైపు చూశాడు. వరమిచ్చేటప్పుడు చండికాదేవి పెదవి చివర ఎందుకు నవ్విందో వాడికి ఇప్పటికి తెలిసింది. తెలియకుండానే తలుపులు మూయని దేశానికి వచ్చిపడి, మూయని వాకిళ్ళలో తిరుగుతూ, ఇన్నాళ్ళూ రాగిగిన్నెను చంకన మోసుకుని ఊరేగాడు. వాడు వాకిలి వైపు లంఘించాడు. కంచె మీది గుమ్మడికాయ దబ్బున కింద పడి, కావలి బసవడై లేచి, "ఎవరక్కడ!" అంటూ వాడి కాళ్ళకు అడ్డం పడ్డాడు. పోయిన మంగళవారం నాటి పని అతను ఇప్పుడు పూర్తి చేశాడు. అరిందముడు బావితాడు తెచ్చి మాంత్రికుణ్ణి పొగడచెట్టుకు కట్టాడు. బయటినుంచి కూడా ఎవరూ గడియ ఎత్తకుండా నాలుక పక్కన మేకు దిగగొట్టాడు. గడియ లేస్తే వీడి బలం కూడా లేస్తుందని ఇంక చెప్పనక్కర్లేదు.

అప్పుడు అందరూ వాకిలి వైపు తిరిగారు.

బసవడు మనిషయ్యాడు. అరిందముడు మనిషయ్యాడు. తలుపు దగ్గర కూర్చున్న కుందేలు మాత్రం కుందేలుగానే ఉంది.

అరిందముడు వెళ్ళి దాని ముందు కూలబడ్డాడు. "వకుళా..." అన్నాడు.

"అన్నయ్యా," అంది కుందేలు.

చిన్న గొంతు, తడబడే గొంతు, అయినా వకుళ గొంతే. అరిందముడు చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు. అవ్వ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. బసవడికి సంగతేమిటో తెలియకపోయినా అతనూ ఏడ్చాడు.

"ఏడవకన్నయ్యా, విను. నాకు మాట వచ్చింది గానీ మనిషినెందుకు కాలేదో నాకు తెలుసు. నా రూపం వీడి దగ్గర లేదు. వీడి శిష్యురాలు కర్కటికి తొడిగాడు. వచ్చినప్పుడల్లా నాతో చెప్పి నవ్వేవాడు. వీడు పోయాక నాకు ఒక్క ముక్కా గుర్తుండేది కాదు, ఇప్పుడు అన్నీ గుర్తొస్తున్నాయి. అది నా రూపంతో హేమగిరి చేరింది. రాజకుమారి దొరికిందని అమ్మ ఊరంతా పంచదార పంచిందట."

పొగడచెట్టు దగ్గర మాంత్రికుడు పళ్ళు బయటపెట్టాడు. "కట్టేశారు, సంతోషం. పొద్దు వాలేదాకా ఇలాగే కట్టి ఉంచండి. కర్కటికి నా ఆజ్ఞ ముందే అందింది. ఇవాళ సాయంత్రం పాలలో పడాల్సింది పడుతుంది. మీ తండ్రి పోతే, నువ్వు ఊళ్ళో లేకపోతే, సింహాసనం మీద కూర్చునేది ఎవరో ఊహించుకో."

అరిందముడు సూర్యుణ్ణి చూశాడు. నడినెత్తి నుంచి అప్పుడే ఒక పక్కకు ఒరుగుతున్నాడు. హేమగిరి ఇక్కడికి గుర్రం మీద వారాల ప్రయాణం.

"వాడి పావుకోళ్ళు!" అంది వకుళ. "నన్ను తెచ్చింది వాటి మీదే. గోడకు అవతల అవి పనిచేస్తాయి."

అతను మాంత్రికుడి కాళ్ళ నుంచి పావుకోళ్ళు ఊడలాగి, మొలలో దోపుకుని, మాధవీతీగ పట్టుకుని గోడ ఎక్కసాగాడు. కింద అవ్వ కుందేలును ఒళ్ళోకి తీసుకుని, "నా కంట్లో వొత్తి ఏసుకుని సూసుకుంటా నాయనా, నువ్వు పో," అంది. మొదటిసారి ఓబులూ అనలేదు.

గోడ మీద నిలబడి అరిందముడు పావుకోళ్ళలో కాళ్ళు దూర్చాడు. గోడకు అవతలి వైపున్న పాదం కింద కొయ్య వెచ్చబడి వణికింది. ఇవతలి పాదం కింద చచ్చినట్టు పడి ఉంది. రెండో కాలు కూడా అవతలికి వేయబోతూ చెల్లెలి వైపు చూశాడు. "భయపడకు. నాన్నగారు తెలివైనవారు. తేడా కనిపెట్టేస్తారు."

కుందేలు తల అడ్డంగా ఊపింది.

"నేను ఇచ్చింది ఆయన ఎప్పుడైనా గిన్నెలోకి చూసి తాగారా అన్నయ్యా? నా ముఖం చూస్తూ తాగేస్తారు."

అరిందముడు రెండో కాలు కూడా అవతలికి వేశాడు. "హేమగిరి!" అని అరిచి గోడ మీంచి దూకాడు. పావుకోళ్ళు అతన్ని ఆకాశంలోకి విసిరాయి. తోట అరచేయంతయింది, కొలను కన్నీటిచుక్కంత అయింది. గాలి చెవుల్లో హోరెత్తింది. హేమగిరి ఉత్తరాన ఉంది. పావుకోళ్ళు మాత్రం పని అయ్యాక కొట్టానికి మళ్ళే ఎద్దుల్లాగా దక్షిణానికి, మాంత్రికుడి నల్లకోట వైపు తిరిగాయి. అరిందముడు గాలిలో మోకాళ్ళు ముడిచి, పావుకోళ్ళ గుబ్బలను రెండు చేతులా పట్టుకుని, వాటిని ఉత్తరానికి మళ్ళించడానికి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు.